పేరు పలకని మందు

ప్రమీలమ్మ కోడలి తల దువ్వుతోంది. దువ్వెన రెండోసారి కిందికి దిగేసరికి జుట్టు కుదుళ్ళతో సహా ఊడి దాంతోపాటే వచ్చేసింది.  వేళ్ళతో ఇంకో పాయ పట్టుకుని మెల్లగా లాగి చూసింది. అదీ వచ్చేసింది.

ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రి ఆడవాళ్ళ వార్డులో పక్కమంచాల వాళ్ళు లేచి వచ్చి చూశారు.

నేను జావ క్యాన్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. మంచం మీద నిరోష గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె పసిబిడ్డ పక్కమంచం ఆవిడ ఒళ్ళో పోతపాలు తాగుతోంది. తల్లికి పాలు పడటం లేదని మా అవ్వ మందు తెప్పించుకున్నారు. తిన్న పూటే వాంతులు పట్టుకున్నాయి. ఆపైన విరేచనాలు, రక్తం. ప్రాణం పోతుందనే అనుకున్నారంతా. పోలేదు. కాస్త తేరుకుందని ఊపిరి పీల్చుకునే వేళకు ఇప్పుడు ఇది.

ప్రమీలమ్మ ఆ జుట్టును ఉండగా చుట్టి, తలెత్తి నన్ను చూసింది.

"ఇది మందు పడకపోవడం కాదు. చేతబడి," అంది. "వచ్చినావా? చచ్చిందో లేదో చూసిరమ్మనిందా మీ ముసల్ది?"

"అమ్మా, జావ తెచ్చినా..."

నిరోష భర్త హర్ష నా చేతిలోని క్యాన్ లాక్కుని వరండాలోంచి వానలోకి విసిరేశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. గబగబా మెట్లు దిగి మోటార్ సైకిల్ ఎక్కాడు. వాడి వెనకే ఇంకో రెండు బళ్ళు లేచాయి. అవి ఉదయగిరి రోడ్డు పట్టడం చూసి నేను బస్టాండుకు పరిగెత్తాను.

అది తొంభై ఆరు వానాకాలం. మా ఇంట్లో ఎవరూ తర్వాత దాన్ని ఆ పేరుతో పిలవలేదు. 'అప్పుడు' అని మాత్రం అనేవాళ్ళం.

*

నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఉదయగిరి కొండ కింద మా వీధిలో మనుషులు గొడుగులేసుకుని నిలబడి ఉన్నారు. వాకిట్లో కానుగ చెట్టును నడుం దాకా నరికేశారు. జ్వరంతో వచ్చినవాళ్ళను అవ్వ ముందు ఆ మానుకు వీపు ఆనించి కూర్చోబెట్టేది. సోమశిల దగ్గర పెన్నలో ఏరిన నున్నటి చలువరాయి ఒకటి నీళ్ళకుండలోంచి తీసి అరచేతిలో పెట్టేది. ఒళ్ళు కుదుటపడ్డాకే మందు మాట.

నూరే రాళ్ళు రెండూ పగలగొట్టి పడేశారు. నల్లరాయి, తెల్లరాయి. నల్లరాయి పైపూతకు. తేలు కాటుకు, సెగ్గడ్డలకు. తెల్లరాయి కడుపులోకి వెళ్ళే మందుకు. నల్లరాయి మీద పెట్టిన చెయ్యి కడుక్కోకుండా తెల్లరాయిని తాకితే అవ్వ గరిటెతో కొట్టేది. ఈ రాళ్ళ మీద మా చర్చి పాస్టరయ్యకు ఎప్పుడూ గుర్రు. "రాళ్ళను నమ్ముకోకూడదు రెబెకమ్మా," అనేవాడు. "దావీదుకు రాళ్ళందించినోడే నాకూ అందించినాడు అయ్యగోరూ," అనేది అవ్వ. మర్నాడు ఆయనే పంటినొప్పికి మా గుమ్మంలో కూర్చునేవాడు.

మా దయాసాగర్ బాబాయి పడిపోయిన మాను మీద కూర్చుని తడుస్తూ ఏడుస్తున్నాడు.

"అవ్వ యాడ బాబాయ్?"

"స్టేషన్లో ఉండాది. పోలీసులు గానీ రాకపోతే అమ్మను చంపేసుండేవాళ్ళు పాపా. ఆత్మకూరు తీసకపోయినారు." ముఖం తుడుచుకున్నాడు. "నేను చెప్తానే ఉండా. కళ్ళు మసకలు ఒచ్చినాయి, ఇంక చాలించమ్మా అని. ఇంటే గదా."

నాయన పోయాక నన్ను అవ్వతోపాటు పెంచింది ఈ బాబాయే. పెళ్ళి చేసుకోలేదు. ఉదయగిరి నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు ఆటో తోలేవాడు. ఎక్కడైనా మంచం దిగలేని రోగి ఉంటే అవ్వ పొట్లం కట్టి బాబాయి చేతికిచ్చేది. అందుకే బాబాయి తెచ్చిన పొట్లమంటే అవ్వ పొట్లమే. నిరోషకు మందు చేరిందీ అలాగే.

ఆటో వాకిట్లో ఓ పక్కన ఒరిగి ఉంది. అద్దం పగిలింది. నల్ల రెక్సిన్ సీటు మీద నా పచ్చ కుట్లు వానకు మెరుస్తున్నాయి. ఆ వేసవిలో సీటు చిరిగితే నేనే కుట్టాను. ఉదయగిరిలో నల్ల నైలాన్ దారం దొరక్క పచ్చది వేశాను.

"ఏంది పాపా, నల్ల సీటు మీద చిలకలు వాలినట్టుండాయే," అని బాబాయి అప్పుడు ఎగతాళి చేశాడు. అవ్వ సీటెక్కి కూర్చుని అరచేత్తో తడిమి, "గరుగ్గా ఉండాది మే నీ కుట్టు, కోక పట్టుకుంటా ఉండాది," అంది. మిగిలిన దారపుండ ఆటో డబ్బాలోనే ఉండిపోయింది.

సీటు కుట్టిన రోజే జరిగింది ఇంకొకటి కూడా నాకు గుర్తుంది.

"అమ్మా, ఆత్మకూరు బస్టాండు ఎదురుగా రూము చూసినా," అన్నాడు బాబాయి. "బోర్డు గూడా రాయిస్తా. రెబెకమ్మ హెర్బల్స్!"

"బోర్డు మీద నా పేరెందుకురా? నేనేమన్నా సినిమానా?"

"అయితే నాకు నేర్పు. నా పేరే పెట్టుకుంటా."

"నీది వేడి చెయ్యి నాయనా. హస్తవాసి లేదు నీకు. ఆటో తోలుకో. నేర్పితే కరుణకు నేర్పుతా," అని గడ్డంతో నన్ను చూపించింది.

బాబాయి పెద్దగా నవ్వాడు. ఆటో స్టార్టయ్యేదాకే ఉంది ఆ నవ్వు.

*

స్టేషన్లో అవ్వ బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. కుడి గుప్పిట్లో చలువరాయి. దాన్ని ఒక్కదాన్నే కాపాడుకోగలిగినట్టుంది. ఎస్సై నడివయసు మనిషి, మంచిగానే మాట్లాడాడు.

"ఇంటికి పంపిస్తే వాళ్ళు బతకనియ్యరు. ఈడే ఉండనీ. కానీ ఈమె ఒప్పుకుంటా ఉండాది మరి."

"ఏం ఒప్పుకున్నావు అవ్వా?"

"ఉన్న మాటే. మా చెల్లెలికి బాగలేదని అనంతసాగరం పోయినా గదా. పోయేముందే నూరి పొట్లం కట్టి మీ బాబాయి చేతికిచ్చినా. చూపు ఆనక ఏదో తేడా చేసినా."

 అది అబద్ధం. ఏ పూట మందు ఆ పూటే నూరాలన్నది అవ్వ పట్టు. రేపటికి కూడా ఇవ్వమని అడిగినవాళ్ళను గదిమి పంపేది. 'రేపటికి అది మందు కాదు, మన్ను' అనేది. అలాంటి మనిషి ముందుగా నూరి పెట్టి పోయిందా?

"ఏం దుంప నూరినావో చెప్పవ్వా. డాక్టరమ్మ అడగతా ఉండాది."

అవ్వ రాయిని అటూ ఇటూ తిప్పింది. "పేరు చెప్పకూడదు."

"ఇప్పుడు గూడానా?"

"పేరు పలికితే మందు పారిపోద్ది. నీకు తెల్దా? గమ్మునుండు."

తెలుసు. మా ఇంట్లో ఏ మొక్కకూ పేరు ఉండేది కాదు. అవ్వ కొండ మీద ముందు నడిచేది, గడ్డంతో చూపించేది, మేం చూసేవాళ్ళం. 'ఆ పొద', 'ఆ రాతి పక్కది', 'వంకలోది'. అంతే. నాయనా, బాబాయీ, నేనూ కళ్ళతోనే నేర్చుకున్నాం. ఇంకో కట్టుబాటు దారం. తవ్వబోయే ముందురోజు అవ్వ తన తెల్ల చీర అంచులోంచి ఒక నూలుపోగు లాగి ఆ చెట్టుకు కట్టేది. 'దేవా, నీది తీసుకుంటా ఉండా, కోపపడొద్దు' అని ప్రార్థన చేసి వచ్చేది. తవ్వేది మర్నాడే. దారం కట్టని చెట్టును ముట్టుకుంటే మా వీపులు పగిలేవి. ముగ్గురం ఆ దెబ్బలు తిన్నవాళ్ళమే.

*

మర్నాడు హర్ష లేని వేళ చూసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"చేతబడి కాదు, ఏమీ కాదు. విషం. కొన్ని దుంపల విషానికి ఇట్లా జుట్టు రాలుతుంది. మళ్ళీ వస్తుంది కూడా. ఈమె గట్టిది కాబట్టి బతికింది. ఆ పొడి ఇంకెవరి దగ్గరైనా ఉంటే ముందు దాన్ని ఆపండి. పచ్చి బాలింతలు అందరూ తట్టుకోలేరు."

ప్రమీలమ్మ పాలు కాచుకోవడానికి కిందికి దిగింది. నిరోష తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కసురుకుంటుందనుకున్నాను.

"మీ అవ్వను కొట్టినారా?" అని అడిగింది.

"లేదమ్మా. రాళ్ళు పగలగొట్టినారు, చెట్టు కొట్టినారు."

"ఆమె చెయ్యి మీద నాకు నమ్మకం ఉండాది కరుణా. మా పెద్దమ్మాయికి కామెర్లు తగ్గించింది ఆమే గదా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఒక మాట. ఆరోజు మీ బాబాయి నా చేతికి పొట్లం ఇచ్చినప్పుడు ఆటోలో ఇంకో పొట్లం ఉన్నింది. ఎవరికని అడిగినా. వరికుంటపాడు పక్క ఒకామెకు, నెలలు నిండినాయి, కాన్పు కాంగానే వాడుకోవాలంట, ముందే తీసిపెట్టుకుంటా ఉండాది అన్నాడు. ఆమెకు కాన్పు అయిందో లేదో చూసుకోండి."

ఆమె కోసం తెచ్చిన జావ గిన్నె కింద పెట్టేశాను. కాన్పు కాని మనిషికి ముందే పొట్లమా? అవ్వ జన్మలో అలాంటి పొట్లం కట్టదు.

బాబాయి ఆసుపత్రి బయట టీ బంకు దగ్గర దొరికాడు. సూటిగా అడిగేశాను.

"వరికుంటపాడు పొట్లం ఎవరిది బాబాయ్?"

టీ గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. "ఏ పొట్లం?"

"నిరోషమ్మ చూసిందంట."

"ఆ పిల్లకు జ్వరంలో తల తిరిగి ఏదో వాగతా ఉండాది. పొట్లమూ లేదు, గిట్లమూ లేదు."

"ఉంటే చెప్పు. పోయి తెచ్చేద్దాం. ఏ ఊరో చెప్తే చాలు, ఆ మండలంలో ఎన్ని ఊళ్ళని తిరిగేది?"

"లేదన్నా గదా!" గ్లాసు బంకు మీద గట్టిగా పెట్టాడు. టీ ఒలికింది. వెంటనే గొంతు తగ్గించి నా తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఇంటికి పో పాపా. అమ్మ కళ్ళు కనపడక ఏదో నూరింది. ముసలామెను కోర్టు గూడా ఏం చేయదు. మనం పెద్దది చేసుకోకూడదు."

తల మీద బాబాయి చెయ్యి వెచ్చగా ఉంది. చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకునే స్కూలుకు పోయాను.

*

కొండ మీద వాన సన్నగా పడుతోంది. మేకల కొండలయ్య తాత నాకు తోడు వచ్చాడు. పాలు పడే దుంపకు అవ్వ ఎప్పుడూ తీసుకెళ్ళే పొద నాకు గుర్తుంది. అక్కడికే పోయాం.

ముళ్ళపొద. దాన్ని అల్లుకుని రెండు తీగలు ఉన్నాయి. ఒకటి సన్నటి సూదుల్లాంటి ఆకులది. రెండోది ఆకు కొసలు ఉంగరాల్లా చుట్టుకున్నది, మంటలాగా ఎర్రగా పసుప్పచ్చగా పూసింది. వానకు రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకుపోయాయి.

"ఆ పూల తీగను మా మేకలు మూతిగూడా పెట్టవు తల్లా," అన్నాడు తాత.

సూదాకు తీగ వైపు పాత గుంత ఉంది, గడ్డి మొలిచింది. దాని పైన కొమ్మకు మట్టి రంగు తిరిగిన నూలుపోగు. అవ్వది. పూల తీగ వైపు గుంత కొత్తది. మట్టి ఇంకా కూరుకోలేదు. అడుగున తెగిన దుంప ముక్క ఒకటి మిగిలి ఉంది, నాగలిలాగా వంకర తిరిగి.

ఆ వైపు కూడా కొమ్మకు దారం ఉంది.

నేను చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. వానలో తడిసినా రంగు చెక్కుచెదరలేదు. పచ్చటి నైలాన్ దారం.

దొంగతనంగా తవ్వడానికి వచ్చినవాడు కూడా ముందురోజు వచ్చి, దారం కట్టి, ప్రార్థన చేసుకునే పోయాడు. ఆ అలవాటు మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఈ కొండ మీద ఎవరికీ లేదు. వాడికి పొద తెలుసు. ఆ పొదలో రెండున్నాయని అవ్వ నోటితో ఎప్పుడూ చెప్పలేదు. పైపూతకు ఒకటి, పాలకు ఒకటి, రెండూ అక్కడే తవ్వేది. దూరం నుంచి చూసినవాడికి రెండూ ఒకటే.

"ఏందమ్మా, పాము గానీ ఉందా?" అన్నాడు తాత.

"లేదు తాతా," అని దారం విప్పుకున్నాను.

*

స్టేషన్లో బాబాయి అవ్వకు ఇడ్లీ తినిపిస్తున్నాడు. తుంచి, చట్నీలో అద్ది, నోటికి అందిస్తున్నాడు. అవ్వ పక్షిపిల్లలాగా నోరు తెరుస్తోంది. ఎస్సై కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

"రామ్మా. వేలిముద్ర తీసుకుంటే అయిపోయింది. రేపు కోర్టుకు పెడతాం."

నేను దుంప ముక్కను అవ్వ ఎడమచేతిలో పెట్టాను. ఆమె బొటనవేలు దాని వంకర మీదుగా నడిచి కొస దగ్గర ఆగింది. కుడిచేతిలోని చలువరాయి జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

తర్వాత దారం పెట్టాను. అవ్వకు రంగు ఆనదు. రెండు వేళ్ళ మధ్య రుద్దింది. మళ్ళీ రుద్దింది. ఆటో సీటు తడిమిన వేళ్ళే అవి.

"గుంత పైన కట్టుండాది అవ్వా," అన్నాను.

బాబాయి చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది.

"నేనే కట్టినా," అంది అవ్వ. "నూలు దొరక్క ఇంట్లో కనపడిన దారం కట్టినా. నేనే తవ్వినా."

"సరే అవ్వా. నువ్వే తవ్వినావు, నువ్వే నూరినావు. ఇంకో పొట్లం ఎవరికిచ్చినావో అదీ చెప్పు."

"ఇంకోటా?"

"వరికుంటపాడు పక్క. నెలలు నిండిన మనిషి. కాన్పు కాంగానే తింటుంది. ఈరోజే అయిందేమో, ఎవరికి తెలుసు? ఊరి పేరు చెప్పవ్వా. ఎస్సైగారు జీపు పంపిస్తారు."

అవ్వ నోరు తెరిచింది. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కొడుకు కోసం నెత్తికెత్తుకున్న అబద్ధంలో ఆ ఊరి పేరు లేదు. మెల్లగా ముఖం బాబాయి వైపు తిప్పింది. ఆ కళ్ళకు వాడు ఓ మసక ఆకారంగా కనపడుతుంటాడు, అంతే.

"దయా... ఇంకోటి ఉండాదా నాయనా?"

"అంతా అబద్ధమమ్మా! ఆ పిల్లకు గాలి సోకింది. నా చేతిలో ఏ దోషమూ లేదు."

మాట నోట్లోంచి వచ్చేశాక బాబాయికి తెలిసింది, నూరింది తన చెయ్యేనని తానే చెప్పేసినట్టు. ఎస్సై కలం కింద పెట్టి ఆయన వైపు చూశాడు. 

అవ్వ కాళ్ళు కిందికి దించి నిటారుగా కూర్చుంది.

"రాసుకో నాయనా," అంది ఎస్సైతో. "ఆ పొదలో రెండుండాయి. సూదాకుది పిల్లితేగలు. అది పాలకు. పూలది అడవినాభి. అది తేలు కాటు మీద పూతకే. కడుపులోకి పోకూడదు."

పుట్టి బుద్ధెరిగాక అవ్వ నోట ఒక చెట్టు పేరు వినడం నాకదే మొదలు. ఆమె నమ్మకం ప్రకారం ఆ రెండు మాటలతో చేతిలోని మందంతా పారిపోయింది. పెదాలు తుడుచుకుంది.

ఎస్సై రాసుకున్నాడు. "పేరు?"

"చెప్పినా గదా. అడవినాభి."

"మందు పేరు కాదమ్మా. తవ్వి నూరి ఇచ్చిన మనిషి పేరు."

అవ్వ గాలిలో తడుముకుంది. బాబాయి చెయ్యి దొరికింది. దానికంటుకున్న చట్నీని తన కొంగుతో తుడిచి, రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"దయాసాగర్," అంది. "నా చిన్నకొడుకు."